బాల్ చేతిలో లేకుంటే దారి వదలాలి

సాఫ్ట్‌బాల్‌లో అబ్‌స్ట్రక్షన్ అనగానే అందరి కళ్లూ హోమ్ ప్లేట్ మీదికే పోతాయి. క్యాచర్ కాలు అడ్డం పెట్టడం, రన్నర్ దుమ్ము లేపుకుంటూ స్లైడ్ చేయడం, రెండు బెంచీలూ ఒకేసారి లేచి అరవడం అక్కడే కాబట్టి. కానీ మ్యాచ్‌లో ఎక్కువసార్లు జరిగేదీ, అంపైర్ కన్నుగప్పి పోయేదీ ఫస్ట్ బేస్ దగ్గర. లెఫ్ట్ ఫీల్డర్‌కీ సెంటర్ ఫీల్డర్‌కీ మధ్యలోకి బాల్ వెళ్తుంది. బ్యాటర్ ఫస్ట్ బేస్ లోపలి మూల తొక్కి సెకండ్ వైపు తిరుగుతుంది. ఫస్ట్ బేస్ దగ్గరి ఫీల్డర్‌కి ఆ సమయంలో పనేమీ ఉండదు. నడుం మీద చేతులు వేసుకుని, బాల్ ఎటు పోయిందా అని చూస్తూ, సరిగ్గా ఆ మలుపులోనే నిలబడి ఉంటుంది. రన్నర్ ఆమెను తప్పించుకోవడానికి ఒక అడుగు పక్కకి వేస్తుంది. ఎవరూ ఎవరికీ తగల్లేదు, ఎవరూ కింద పడలేదు. గ్రౌండ్‌లో ఉన్నవాళ్లంతా బాల్ వంకే చూస్తున్నారు. అంపైర్ కూడా అటే చూస్తే ఆ అడుగు ఎవరి లెక్కలోకీ రాదు. సెకండ్ దగ్గర ఆ ఒక్క అడుగు తేడాతోనే ఆమె అవుట్.

బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు. బాగా పరుగెత్తే అమ్మాయి ఆ దూరాన్ని మూడు సెకన్లకు అటూ ఇటుగా దాటేస్తుంది. అంత తక్కువ వ్యవధిలో ఒక అడుగు తడబడడం చిన్న విషయం కాదు. సాఫ్ట్‌బాల్‌లో సేఫ్‌కీ అవుట్‌కీ మధ్య ఉండేది చాలాసార్లు అంతకంటే తక్కువే.

కొత్తగా అంపైరింగ్‌కి వచ్చిన పీఈటీలతోనో, అమెరికాలో శని ఆదివారాలు పిల్లల మ్యాచ్‌లకి అంపైర్లుగా నిలబడే మనవాళ్లతోనో మాట్లాడితే ఒక మాట తరచూ వినిపిస్తుంది. ‘చూశాను గానీ చెయ్యి ఎత్తలేదండీ, పాపం ఆ అమ్మాయి కావాలని చేయలేదు కదా’ అంటారు. ఇబ్బందంతా ఇక్కడే ఉంది. అబ్‌స్ట్రక్షన్ ఇవ్వడమంటే ఫీల్డర్ మీద నేరం మోపడమని మనసులో పడిపోయింది. నేరం అనుకున్నప్పుడు సాక్ష్యం కావాలి, ఉద్దేశం తేలాలి, గట్టిగా గుద్దుకుంటే తప్ప చెయ్యి లేవదు. రూల్ అడుగుతున్నది అది కాదు. రన్నర్ దగ్గరినుంచి ఏదైనా పోయిందా, పోతే ఎంత పోయింది, అంతే తిరిగి ఇవ్వు అంటోంది. నష్టం పూడ్చడం తప్ప ఇందులో శిక్ష లేదు. ఈ సంగతి మనసుకి పట్టిన అంపైర్‌కి సగం పని తేలికైపోతుంది. మిగతా సగం కళ్లదీ కాళ్లదీ.

అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఫీల్డర్ చేతిలో బాల్ ఉందా, లేక బ్యాట్‌కి తగిలి వచ్చిన బాల్‌ని అందుకునే ప్రయత్నంలో ఉందా? రెండూ కాదంటే రెండో ప్రశ్న: ఆమె వల్ల రన్నర్ ఆగిందా, వేగం తగ్గించిందా, దారి మార్చుకుందా? మొదటిదానికి లేదు, రెండోదానికి అవును అని జవాబు వస్తే అబ్‌స్ట్రక్షన్. తగిలిందా లేదా అన్నది ప్రశ్నే కాదు. అలాగే బాల్ లేకుండా దారిలో నిలబడినంత మాత్రాన అబ్‌స్ట్రక్షన్ అయిపోదు. రన్నర్ అసలు అటు రాకపోయినా, వచ్చినా అడుగు తడబడకుండా వెళ్లిపోయినా ఇవ్వడానికి ఏమీ లేదు. ఎక్కడ నిలబడ్డా చెయ్యి ఎత్తేసే అత్యుత్సాహం కూడా తప్పే. అది కొత్తవాళ్లలో కాదు, రూల్ బుక్ కిందటి వారమే చదివిన పాతవాళ్లలో కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద రగడ ‘బాల్ వస్తోంది కదా’ దగ్గర. ఒకప్పుడు అమెరికా రూల్ పుస్తకాల్లో, విసిరిన బాల్‌ని అందుకోబోతున్న ఫీల్డర్‌కి కూడా వెసులుబాటు ఉండేది. అందుకోబోవడం అంటే ఎంత దూరంలో ఉన్నప్పుడు, ఎన్ని అడుగుల్లో అని తెగని పంచాయతీ నడిచేది. యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ వాళ్లూ, అక్కడి హైస్కూల్ ఆటలు చూసే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ వాళ్లూ ఆ మాట తీసేశారు. ఇప్పుడు వాళ్ల లెక్కలో బాల్ చేతిలో ఉండాలి, అంతే. గ్లవ్‌కి జానెడు దూరంలో ఉన్నా చేతిలో ఉన్నట్టు కాదు. గ్లవ్‌కి తగిలి అటూ ఇటూ ఎగురుతున్నా కాదు. పాత పద్ధతిలో ఆట నేర్చుకున్న కోచ్‌లు, ముఖ్యంగా ఇరవై ఏళ్ల కిందట తాము ఆడిన రోజుల్ని తల్చుకునేవాళ్లు, ఇంకా పాత మాటే పట్టుకుని ఉంటారు. మీరు చేయబోయే టోర్నమెంట్ ఏ పుస్తకం ప్రకారం నడుస్తోందో ముందే అడిగి ఆ పేజీ ఒకసారి చదువుకుని వెళ్లండి. అమెరికా కాలేజీ ఆటకి వేరే పుస్తకం, వేరే మాటలు ఉంటాయి.

ఇక ఉద్దేశం సంగతి. మనం క్రికెట్ మధ్యలో పెరిగినవాళ్లం. క్రికెట్‌లో బ్యాటర్‌ని ఫీల్డర్ అడ్డుకుంటే 41.5 నిబంధన కింద ఐదు పెనాల్టీ పరుగులు ఇస్తారు. కానీ అక్కడ ఫీల్డర్ కావాలని అడ్డుకున్నాడని అంపైర్‌కి అనిపించాలి. ఆ అలవాటుతో సాఫ్ట్‌బాల్ గ్రౌండ్‌లోకి వస్తే చెయ్యి జేబులోనే ఉండిపోతుంది. ఇక్కడ ఉద్దేశంతో నిమిత్తం లేదు. పొరపాటున అడ్డొచ్చినా అడ్డే, జారిపడి అడ్డొచ్చినా అడ్డే.

దీనికి లోకమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. సాఫ్ట్‌బాల్‌లో కాదు, దాని అన్న బేస్‌బాల్‌లో. 2013 అక్టోబర్ 26, సెయింట్ లూయిస్‌లో వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, స్కోరు 4-4. కార్డినల్స్ రన్నర్లు సెకండ్‌లోనూ థర్డ్‌లోనూ ఉన్నారు. బాల్ నేల మీదుగా పోయింది. రెడ్ సాక్స్ వాళ్లు హోమ్ ప్లేట్ దగ్గర ఒకరిని అవుట్ చేశారు. క్యాచర్ సాల్టలమాకియా ఉత్సాహంగా రెండో రన్నర్ కోసం థర్డ్‌కి విసిరాడు. అది పక్కకి పోయింది. థర్డ్ బేస్ ఫీల్డర్ విల్ మిడిల్‌బ్రూక్స్ దాని కోసం దూకి నేల మీద బోర్లా పడ్డాడు. రన్నర్ అలెన్ క్రెగ్ లేచి హోమ్ వైపు పరుగెత్తబోయి అతని మీద తట్టుకుని పడ్డాడు. మళ్లీ లేచి కుంటుతూ పరుగెత్తాడు. లెఫ్ట్ ఫీల్డ్ నుంచి బాల్ వచ్చింది, ప్లేట్ దగ్గర ట్యాగ్ చేశారు. చూసేవాళ్లకి అవుటే. కానీ థర్డ్ బేస్ అంపైర్ జిమ్ జాయిస్ అప్పటికే అబ్‌స్ట్రక్షన్ ఇచ్చేశాడు. ప్లేట్ అంపైర్ డేనా డెమ్యూత్ సేఫ్ అని చేతులు చాచి థర్డ్ వైపు చూపించాడు. 5-4తో మ్యాచ్ అయిపోయింది. వరల్డ్ సిరీస్ మ్యాచ్ ఒకటి అబ్‌స్ట్రక్షన్‌తో ముగియడం అదే మొదటిసారి.

మిడిల్‌బ్రూక్స్ కావాలని చేశాడా అని రాత్రంతా వాదించుకున్నారు. జాయిస్ ఆ ప్రశ్న పట్టించుకోలేదు, పట్టించుకోవాల్సిన పనీ లేదు. బాల్ అతన్ని దాటి వెళ్లిపోయింది, అంటే అతను ఇక ఫీల్డింగ్ చేయడం లేదు. రన్నర్ దారిలో ఉన్నాడు. రన్నర్ పడ్డాడు. అంతవరకే లెక్క. ఆ వీడియో ఎక్కడైనా దొరికితే ఒకసారి బాల్‌ని వదిలేసి ఇద్దరు అంపైర్లనే చూడండి. జాయిస్ చూపు బాల్ వెంట లెఫ్ట్ ఫీల్డ్‌లోకి పోయి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సరే, చూపు ఎక్కడ పెట్టాలి? ఇద్దరు అంపైర్లున్న మ్యాచ్‌లో పని పంచుకోవాలి. మన జిల్లా మీట్లలో, స్కూల్ గేమ్స్ అండర్-14, అండర్-17 పోటీల్లో ఇద్దరుంటే అదే గొప్ప. బేస్‌లు ఖాళీగా ఉండి బాల్ అవుట్‌ఫీల్డ్‌లోకి వెళ్తే బేస్ అంపైర్ డైమండ్ లోపలికి పరుగెత్తి ఫస్ట్ వైపు తిరగాలి. అక్కడినుంచి ఆమెకి కనిపించాల్సింది రన్నర్ కాలు, బేస్, బేస్ దగ్గరి ఫీల్డర్. ఈ మూడూ ఒక్క చూపులో పడేలా తిరిగితే బేస్ తొక్కిందా లేదా అన్నదీ తెలుస్తుంది, దారి ఖాళీగా ఉందా అన్నదీ తెలుస్తుంది. బాల్ ఎక్కడుందో తెలుసుకోవడానికి క్షణకాలం ఓరచూపు చాలు. ఫెయిరా ఫౌలా, పట్టారా లేదా అన్నది ప్లేట్ అంపైర్ పని. ఫస్ట్‌లో రన్నర్ ఉంటే ఆ రన్నర్ థర్డ్‌కి వెళ్లేటప్పుడు ప్లేట్ అంపైర్ థర్డ్ వైపు వస్తారు. కాబట్టి సెకండ్ దాటాక ఆమె దారిలో షార్ట్‌స్టాప్ నిలబడి ఉందేమో చూడాల్సింది ఎవరన్నది మ్యాచ్‌కి ముందే ఇద్దరూ అనుకోవాలి. ‘మీరు చూస్తారనుకున్నా సార్’ అని ఇన్నింగ్స్ మధ్యలో అనుకోవడం దండగ.

హోమ్ ప్లేట్ దగ్గర నిలబడే చోటు ఇంకా ముఖ్యం. క్యాచర్ వీపు వెనక నిలబడితే మీకు కనబడేది చెస్ట్ ప్రొటెక్టర్ పట్టీలే. రన్నర్ వచ్చే దారికి పక్కనుంచి, లంబంగా, పది పన్నెండు అడుగుల దూరంలో ఉంటే రన్నర్‌కీ ప్లేట్‌కీ మధ్య క్యాచర్ కాలు ఎక్కడుందో, బాల్ గ్లవ్‌లో పడ్డ క్షణం ఏదో రెండూ తెలుస్తాయి. ఈ రెండింటిలో ఏది ముందన్నదే తీర్పు. కాలు ముందు అడ్డొచ్చి, రన్నర్ వేగం తగ్గించాక బాల్ వస్తే అబ్‌స్ట్రక్షన్. బాల్ పట్టుకున్నాక అడ్డంగా కూర్చుంటే అది క్యాచర్ హక్కు. రన్నర్ ఎలా దాటుతుందో ఆమె చూసుకోవాలి.

ఇక్కడే టీవీలో అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ చూసేవాళ్లు కాస్త తికమక పడతారు. శాన్‌ఫ్రాన్సిస్కో క్యాచర్ బస్టర్ పోసీకి 2011లో ప్లేట్ దగ్గర రన్నర్ ఢీకొట్టడంతో కాలు విరిగింది. ఆ తర్వాత 2014లో వాళ్లు ప్లేట్ దగ్గర ఢీకొట్టడాన్ని అరికట్టే నిబంధన పెట్టుకున్నారు. అందులో, విసిరిన బాల్‌ని నిజంగా అందుకోవడానికి దారిలోకి రావలసి వచ్చిన క్యాచర్‌కి కొంత మినహాయింపు ఉంది. పైన చెప్పిన సాఫ్ట్‌బాల్ పుస్తకాల్లో ఆ వెసులుబాటు లేదు. బాల్ ఆమెని దారిలోకి లాక్కొచ్చినా, చేతికి రాకముందే రన్నర్‌ని ఆపితే అబ్‌స్ట్రక్షనే. ఫీల్డర్‌కి ఇది అన్యాయంగా అనిపించొచ్చు. నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది. కానీ మొరం నేల మీద, సరైన ప్యాడ్లు లేకుండా ఆడే మన స్కూల్ పిల్లల్ని చూసినప్పుడు ఈ కట్టుదిట్టమే మేలనిపిస్తుంది. క్యాచర్ దారి వదలడం నేర్చుకుంటే ఇద్దరి మోకాళ్లూ బతుకుతాయి. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఒకసారి చెయ్యి ఎత్తితే ఏడో ఇన్నింగ్స్ దాకా క్యాచర్ కాలు ఎక్కడుండాలో తెలిసిపోతుంది. ఐదో ఇన్నింగ్స్ వరకు ఊరుకుని ఆరులో ఇస్తే మాత్రం గొడవ ఖాయం.

చెయ్యి ఎత్తడం అన్నాను. ఎడమ చెయ్యి పక్కకి, భుజానికి సమానంగా, పిడికిలి బిగించి చాచాలి. దీన్నే డిలేడ్ డెడ్ బాల్ అంటారు. ఆట ఆగదు, కానీ అంపైర్ ఒకటి చూశాడని అందరికీ తెలుస్తుంది. ‘అబ్‌స్ట్రక్షన్’ అని పార్ట్‌నర్‌కి వినపడేలా ఒక్కసారి అనండి. విజిల్ వద్దు, ‘డెడ్ బాల్’ అని అరవొద్దు. మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. కబడ్డీ, వాలీబాల్ చేయించే చేత్తోనే సాఫ్ట్‌బాల్ చేయించే పీఈటీల మెడలో విజిల్ ఉంటుంది. తప్పు కనబడగానే అది నోట్లోకి పోతుంది. దాంతో రన్నర్ ఇంకో బేస్ తెచ్చుకునే అవకాశం అక్కడితో ఆగిపోతుంది. చాచిన చెయ్యిని ఆట అయ్యేదాకా అలాగే పెట్టుకుని దిష్టిబొమ్మలా పరుగెత్తక్కర్లేదు. అందరికీ కనబడేంతసేపు చాచి దించి, మీ తర్వాతి పనిలోకి వెళ్లండి. పార్ట్‌నర్ చూడకపోయినా, స్కోరర్ చూడకపోయినా ఆ చెయ్యే తర్వాత మీ తరఫున మాట్లాడుతుంది. ఆట అయ్యాక, కోచ్ అరిచాక ఎత్తిన చెయ్యికి విలువుండదు.

చెయ్యి చాచిన క్షణంలోనే ఇంకో పని జరిగిపోవాలి. అడ్డే లేకపోతే ఈ రన్నర్ ఏ బేస్ దాకా వెళ్లేది? రన్నర్ ఎంత వేగంలో ఉంది, బాల్ ఎవరి దగ్గర ఉంది, ఎంత దూరం పోయింది, అన్నీ ఒక్క చూపులో తెలిసేది అప్పుడే. మనసులో ఒక బేస్ అనుకోండి. ఆట అయ్యాక, ఇద్దరు కోచ్‌లూ మీదికొస్తుంటే అప్పుడు లెక్కవేస్తే అది తీర్పు కాదు, రాజీ అవుతుంది.

ఎక్కువ తప్పులు దొర్లేది ఈ బేస్ ఇవ్వడంలోనే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. అబ్‌స్ట్రక్షన్ అయిన రన్నర్‌కి రెండు రక్షణలు. ఒకటి, ఏ రెండు బేస్‌ల మధ్య అడ్డం వచ్చిందో ఆ రెండింటి మధ్య ఆమెను అవుట్ చేయడానికి లేదు. రెండు, అడ్డం లేకపోతే ఏ బేస్ దాకా వెళ్లేదో అక్కడి దాకా ఆమెకి దారి భద్రం. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేస్తే చిక్కు మొదలవుతుంది.

మొదట్లో చెప్పుకున్న ఫస్ట్ బేస్ మలుపే తీసుకోండి. అయితే ఈసారి హిట్ చిన్నది. లెఫ్ట్ ఫీల్డర్ బాల్‌ని చక్కగా ఆపేసింది. రన్నర్ ఫస్ట్ తొక్కి మలుపు తిరగబోతుంటే ఫీల్డర్ అడ్డొచ్చింది, రన్నర్ తడబడింది. మీరు చెయ్యి చాచారు. మనసులో ‘ఫస్ట్ దాకే’ అనుకున్నారు, ఎందుకంటే అడ్డం లేకపోయినా ఈ హిట్‌కి సెకండ్ రాదు. కానీ రన్నర్‌కి కోపమొచ్చిందో, కోచ్ ‘పో, పో’ అన్నాడో, సెకండ్‌కి పరుగెత్తింది. నాలుగు గజాల ముందే ట్యాగ్. ఇప్పుడేం చేయాలి? వెంటనే ‘డెడ్ బాల్’. ఆమె అవుట్ కాదు, అడ్డం వచ్చింది ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్యే కనుక. అలాగని సెకండ్ కూడా ఇవ్వకూడదు. వెనక్కి, ఫస్ట్‌కి పంపాలి. ఫీల్డింగ్ కోచ్ ‘ట్యాగ్ చేశాం కదా’ అంటాడు, బ్యాటింగ్ కోచ్ ‘అబ్‌స్ట్రక్షన్ అంటే ఒక బేస్ ఇవ్వాలి కదా’ అంటాడు. ఇద్దరిదీ పొరపాటే. అబ్‌స్ట్రక్షన్ అనగానే ఒక బేస్ ఎక్కువ కలపాలన్న నమ్మకం మన గ్రౌండ్లలో ఎలా పాతుకుపోయిందో గానీ, బేస్‌బాల్‌లో ఒక రకం అబ్‌స్ట్రక్షన్‌కి అలా ఉంది. ఎవరో దాన్ని ఇటు మోసుకొచ్చి ఉంటారు.

అదే రన్నర్ సెకండ్ దాటి థర్డ్‌కి బయల్దేరి అక్కడ దొరికితే? మీరు అనుకున్నది ఫస్ట్ దాకే. అడ్డం వచ్చిన రెండు బేస్‌లూ దాటేసింది, మీరు ఇచ్చే బేస్ కూడా దాటేసింది. ఇక సొంత పూచీ మీద పరుగెత్తుతోంది. అవుట్ అంటే అవుటే. బాల్ కూడా లైవ్‌లోనే ఉంటుంది, కాబట్టి ‘డెడ్ బాల్’ అని అరిచి మిగతా రన్నర్లని ఆపేయకండి.

పెద్ద హిట్ అయి, అడ్డం లేకపోతే థర్డ్ కచ్చితంగా వచ్చేదని మీరనుకుంటే, థర్డ్‌కి మూడడుగుల ముందు ట్యాగ్ అయినా డెడ్ బాల్ చెప్పి థర్డ్ ఇవ్వండి. ఆ అడ్డం వల్ల ఇంకో రన్నర్ కూడా ఆగిపోయి ఉంటే ఆమె లెక్క కూడా చూడాలి. ఎవరినీ ట్యాగ్ చేయకుండా ఆట ముగిస్తే, అందరూ ఆగాక టైమ్ తీసుకుని, రన్నర్ రావాల్సిన బేస్ కంటే వెనకుంటే ముందుకి పంపండి. ఉండాల్సిన చోటే ఉంటే ఏమీ చేయక్కర్లేదు. చెయ్యి చాచినందుకు ఏదో ఒకటి ఇవ్వాలన్న నియమం లేదు.

ఈ రక్షణ అన్నిటికీ గొడుగు పట్టదు. అబ్‌స్ట్రక్షన్ అయిన రన్నర్ ఒక బేస్ తొక్కకుండా పోయినా, ఫ్లై బాల్ పట్టకముందే బేస్ వదిలినా అప్పీల్ మీద అవుట్ అవుతుంది. ముందున్న రన్నర్‌ని దాటేసినా, తానే ఫీల్డర్‌కి అడ్డుపడి ఇంటర్‌ఫియరెన్స్ చేసినా అంతే. అయితే బేస్ తొక్కలేకపోవడానికి ఆ అడ్డమే కారణమైతే మాత్రం తొక్కలేదని అవుట్ ఇవ్వకూడదు. ఇంకొకటి కూడా ఉంది. రావాల్సిన బేస్‌కి క్షేమంగా చేరాక, వేరే రన్నర్ మీద ఆట జరిగితే అబ్‌స్ట్రక్షన్ అయిన రన్నర్‌కి ఉన్న రక్షణ అక్కడితో అయిపోయినట్టే. అప్పటి దాకా ఆగి తర్వాత బయల్దేరితే తన తిప్పలు తనవే.

రన్‌డౌన్‌లో అయితే ఒళ్లంతా కళ్లు చేసుకోవాలి. రన్నర్‌ని ఇద్దరు ముగ్గురు ఫీల్డర్లు అటూ ఇటూ తరుముతుంటారు. బాల్ విసిరేసిన ఫీల్డర్ పక్కకి తప్పుకోకుండా అక్కడే నిలబడిపోతుంది. రన్నర్ వెనక్కి తిరిగేసరికి ఆమె ఎదురవుతుంది. ఆమె చేతిలో ఇప్పుడు బాల్ లేదు. రన్నర్ ఆగింది. అబ్‌స్ట్రక్షన్. రెండు క్షణాల తర్వాత ఎవరో ట్యాగ్ చేస్తారు, జనం చప్పట్లు కొడతారు. అప్పుడు మీరు ‘డెడ్ బాల్’ అనాలి. ఏ బేస్‌కి పంపాలన్నది మీ అంచనా. ఆ సమయంలో వెనక్కి పరుగెత్తుతోందా ముందుకా అన్నది అంచనాకి మంచి ఆధారం.

బాల్ లేకుండా ఉత్తుత్తి ట్యాగ్ చేసే అలవాటుంది కొందరు ఫీల్డర్లకి. ఖాళీ గ్లవ్ దించి రన్నర్‌ని స్లైడ్ చేయించడం. తెలివైన ఎత్తని కొందరు కోచ్‌లు నేర్పుతారు కూడా. ఇది అబ్‌స్ట్రక్షనే. పైగా అనవసరంగా స్లైడ్ చేసి పిల్లలు చీలమండలు మడత పెట్టుకునేది ఇక్కడే. ఈ ఒక్క విషయంలో నేను కోచ్‌ని పిలిచి గట్టిగానే చెప్పాలంటాను.

ఇక ఇటువైపు న్యాయం అటువైపు కూడా ఉండాలి. బ్యాట్‌కి తగిలి వచ్చిన బాల్ మీద మొదటి హక్కు ఫీల్డర్‌ది. షార్ట్‌స్టాప్ గ్రౌండర్ కోసం వంగి ఉన్నప్పుడు సెకండ్ నుంచి థర్డ్‌కి వెళ్లే రన్నర్ చుట్టూ తిరిగి వెళ్లాలి. వెళ్లి ఢీకొంటే అది ఇంటర్‌ఫియరెన్స్. బాల్ డెడ్, రన్నర్ అవుట్. కానీ ఆ హక్కు ఒక్క ఫీల్డర్‌కే. ఆమె పక్కన ఊరికే నిలబడ్డ ఇంకొకరికి లేదు. ఆ బాల్ ఆమెని దాటి అవుట్‌ఫీల్డ్‌లోకి వెళ్లిపోయిందంటే హక్కు కూడా దాంతోపాటే పోయింది. నేల మీద పడి ఉన్నా దారిలో పడి ఉంటే మిడిల్‌బ్రూక్స్ సంగతే. ఎటొచ్చీ అబ్‌స్ట్రక్షన్ జరిగింది కదా అని రన్నర్ మోచెయ్యి ముందుకు పెట్టి ఫీల్డర్‌ని పడదోస్తే ఊరుకోవద్దు. దారి దొరకలేదనడం గుద్దడానికి లైసెన్స్ కాదు.

క్యాచర్ గ్లవ్ బ్యాట్‌కి తగలడం మరో రకం. బ్యాటర్ స్వింగ్ చేస్తుంటే గ్లవ్ ముందుకొచ్చి టక్ అంటుంది. ఆ చప్పుడు ప్లేట్ అంపైర్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చెయ్యి చాచండి, ఆట సాగనివ్వండి. బ్యాటర్ ఫస్ట్‌కి క్షేమంగా చేరి, మిగతా రన్నర్లంతా కనీసం ఒక్కో బేస్ ముందుకెళ్తే జరిగిన అబ్‌స్ట్రక్షన్ ఊసే లేనట్టు. అలా కాకపోతే బ్యాటింగ్ కోచ్‌కి ఎంపిక ఉంటుంది. జరిగిన ఆట ఫలితం తీసుకోవడమా, లేక బ్యాటర్‌ని ఫస్ట్‌కి పంపి, వెనకనుంచి నెట్టబడే రన్నర్లని మాత్రం ముందుకు జరపడమా. ఉదాహరణకి థర్డ్‌లో ఒక్క రన్నర్ ఉంది, బ్యాటర్ అవుటైంది కానీ ఆ రన్నర్ హోమ్‌కి వచ్చేసింది అనుకోండి. ఫస్ట్ తీసుకుంటే రన్ పోతుంది, రన్నర్ థర్డ్‌కి తిరిగొస్తుంది. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక్క రన్ చాలనుకునే కోచ్ ఆట ఫలితాన్నే తీసుకుంటాడు. అది తేల్చుకోవాల్సింది ఆయనే, మీరు సలహా చెప్పొద్దు.

మ్యాచ్‌కి ముందు ప్లేట్ దగ్గర ఇద్దరు కోచ్‌లనీ, కెప్టెన్లనీ కలిసినప్పుడు గ్రౌండ్ రూల్స్‌తో పాటు ఒక్క మాట చెప్పేయండి. ‘అమ్మా, బాల్ చేతిలో లేకుండా బేస్ ముందు నిలబడొద్దు. వచ్చేవాళ్లకి దారి కనబడాలి’. పిల్లలకి ఇంగ్లిష్ రూల్ చదివి వినిపించే కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది. అయితే ముందే చెప్పాం కదా అని మొదటిసారికి వార్నింగ్‌తో వదిలేసి రెండోసారి ఇద్దామనుకోవద్దు. రన్నర్ కోల్పోయిన బేస్ వార్నింగ్‌తో తిరిగిరాదు. స్కూల్ గ్రౌండ్లలో బేస్‌లు మేకులతో బిగించకుండా ఊరికే పరిచి ఉంటాయి కాబట్టి, మలుపులో బేస్ జారిపోయి రన్నర్ తడబడితే ఫీల్డర్ మీదికి నెట్టకండి. ఎవరి వల్ల ఆగిందో చూసి ఇవ్వాలి.

కోచ్ వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలన్నది కూడా ఉద్యోగంలో భాగమే. ఎక్కువ చెప్పకండి.

‘అదేంటి సార్, బాల్ వస్తోంది కదా!’

‘వస్తోంది సార్. చేతికి రాలేదు.’

‘మా అమ్మాయి బేస్ మీదే ఉంది సార్.’

‘ఉంది. ఆమెను చూసి రన్నర్ ఆగిపోయింది. లేకపోతే సెకండ్ వచ్చేసేది.’

బాల్ లేదు, రన్నర్ ఆగింది, ఫలానా బేస్ వచ్చేది. ఈ మూడూ మీరు చూసినవి, మీరు అంచనా వేసినవి. వీటి మీద ప్రొటెస్ట్ చెల్లదు, ఎందుకంటే అంపైర్ అంచనా మీద ప్రొటెస్ట్ ఉండదు. కానీ అదే నోటితో ‘ఆగిందిలే సార్, కానీ ఫీల్డర్ కావాలని చేయలేదు, అందుకే ఇవ్వలేదు’ అన్నారనుకోండి, లేదా ‘అబ్‌స్ట్రక్షన్ కదా, ఒక బేస్ ఇచ్చాను’ అన్నారనుకోండి. అప్పుడు మీరు రూల్‌నే తప్పుగా చదివినట్టు. తెలివైన కోచ్ వెంటనే ప్రొటెస్ట్ అంటాడు, నెగ్గుతాడు కూడా. అనుమానముంటే కోచ్‌కి జవాబిచ్చే ముందు పార్ట్‌నర్ని పక్కకి పిలిచి, బాల్ ఎప్పుడు చేతికొచ్చిందో ఆమె చూసిందేమో అడగండి. బేస్ ఎంత ఇవ్వాలన్నది మాత్రం చెయ్యి ఎత్తిన అంపైర్‌దే.

ప్రొటెస్ట్ చెప్పాల్సింది తర్వాతి పిచ్ పడకముందే. కోచ్ ఆ మాట అంటే వాదన ఆపేసి స్కోరర్ దగ్గరికి వెళ్లండి. ఇన్నింగ్స్ ఎన్నో, ఎన్ని అవుట్లు, బ్యాటర్ కౌంట్ ఎంత, రన్నర్లు ఏయే బేస్‌ల్లో ఉన్నారు, మీరు ఏం చెప్పి ఏ బేస్ ఇచ్చారు, ఇవన్నీ రాయించి, రెండో కోచ్‌కి కూడా చెప్పి, పిచ్చర్‌కి బాల్ ఇవ్వండి.